మూసిన థియేటర్లో మూడు యూనిట్లు

గురుమూర్తి గారు తన ఇరవై ఐదో ఏట ఒక మనిషి దవడ విరగ్గొట్టారు. ఆ మనిషి చేసిన నేరం, చూడని అంకెను కాగితం మీద రాయడం. ఐర్లండ్‌లోని కార్క్‌లో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. వాళ్ళకు ఆయన నాటకం చూడ్డానికొచ్చిన జనాన్ని ఆపి ‘మీరు కారులో వచ్చారా, బస్సులో వచ్చారా’ అని అడిగి రాసుకునే పిచ్చి అంకుల్. నేను మాత్రం ఆయన కథ ఆ దవడ దగ్గరే మొదలుపెట్టాలి. నా ప్రాణం మీదికి వచ్చిందీ, చివరికి ప్రాణం నిలిచిందీ చూసి రాసే ఆ అలవాటు వల్లే.

అది 1984. ఖమ్మం వైపు ఒక చిన్న చక్కెర మిల్లు. గురుమూర్తి గారు బాయిలర్ ఆపరేటర్. బాయిలర్లో నీళ్ళ మట్టం ఎంతుందో గంటకోసారి గాజు గొట్టంలో చూసి పుస్తకంలో రాయాలి. హనుమత్ప్రసాద్ అనే ఆయన తన షిఫ్టు మొదలవగానే టీ కొట్టు దగ్గర కూర్చుని ఎనిమిది గంటల అంకెలూ ఒకేసారి రాసేసేవాడట. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి నీళ్ళు తగ్గిపోయి ట్యూబు పగిలింది. కొలిమి ముందు కేశవరావు ఉన్నాడు. గురుమూర్తి గారితో ఒకే గదిలో ఉండి, ఒకే కుండలో వండుకు తిన్న మనిషి. చొక్కా విప్పబోతే చొక్కాతో పాటు చర్మం కూడా వచ్చిందని గురుమూర్తి గారు నాకు చెప్పారు. చెప్పేటప్పుడు గొంతు మారలేదు. చేతులు మాత్రం తొడల మీద గట్టిగా నొక్కిపెట్టుకున్నారు.

కేశవరావు రెండో రోజు చనిపోయాడు. గురుమూర్తి గారు ఆస్పత్రి నుంచి నేరుగా మిల్లుకెళ్ళి పుస్తకం తెరిచి చూశారు. మూడింటికి బాయిలర్ పగిలితే, నాలుగింటికీ ఐదింటికీ కూడా నీళ్ళ మట్టం సరిగ్గా ఉన్నట్టు రాసి ఉంది. ఆయన క్యాంటీన్‌కి వెళ్ళారు. హనుమత్ప్రసాద్ కింద పడ్డాక కూడా కొట్టారు. మూడు పళ్ళు, ఒక దవడ. ఎనిమిది రోజులు లాకప్పు, పోయిన ఉద్యోగం. తర్వాత ఒమన్, అక్కణ్ణుంచి ఐర్లండ్, కార్క్ పక్కన రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో పదహారేళ్ళు బాయిలర్లూ, చల్లబరిచే చిల్లర్లూ. ఉబ్బసం వల్ల అరవైకే రిటైరయ్యారు. ఇన్నేళ్ళలో ఆయన మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కానీ అందాజు అంకె కనిపిస్తే మాత్రం ఒంటికాలి మీద లేచేవారు. చూసి రాయాలి, చూడకపోతే ఖాళీ వదిలేయాలి. ఆయనకున్న మతం అదొక్కటే.

థియేటర్‌తో ఆయన పరిచయం ఒక తన్నుతో మొదలైంది. మాది హార్బర్ ఒడ్డున చిన్న ఊరు. పాత ఉప్పు గోదామును బాగుచేసి స్లిప్‌వే ఆర్ట్స్ సెంటర్ అని పెట్టారు, రెండొందల సీట్లు. నేను అక్కడ టికెట్ల బల్ల దగ్గర పని చేసేదాన్ని. 2019 నవంబరులో ఆయన భార్య ఇందుమతి గారు పట్టుబట్టి ఆయన్ని ఒక నాటకానికి తీసుకొచ్చారు. ఇంటర్వెల్లో జనం బయటికీ లోపలికీ తిరుగుతున్నారు. లాబీలో హీటర్లు ఎర్రగా కాలుతున్నాయి, వీధి తలుపుకి ఎవరో కుర్చీ అడ్డం పెట్టి బార్లా తెరిచారు. ఆయన వెళ్ళి ఆ కుర్చీని ఒక్క తన్ను తన్నారు. అది మెట్ల మీద దొర్లి, పొగ తాగుతున్న ఒకాయన కాళ్ళ దగ్గర ఆగింది.

మా మేనేజర్ నొరీన్ పరిగెత్తుకొచ్చింది. కోపమొస్తే గురుమూర్తి గారి ఇంగ్లీషు పారిపోతుంది. మామూలప్పుడు గడగడా మాట్లాడే మనిషి, ఆవేశంలో ‘ఇది, అది’ తప్ప అనలేరు. ఆ రోజు కూడా హీటర్ని చూపించి, తలుపును చూపించి, ఆకాశాన్ని చూపించి ఊరుకున్నారు. నొరీన్ అరవై దాటిన కార్క్ మనిషి, దేనికీ తొణకదు. ఆయన్ని కాసేపు చూసి, గ్రాండ్, మరి మా కార్బన్ లెక్క మీరే రాసిపెడతారా అని అడిగింది. ఇక్కడ సరే అన్నా గ్రాండే, బానే ఉన్నాను అన్నా గ్రాండే. ఆ ఏడాది నుంచే గ్రాంటు ఇచ్చేవాళ్ళు ఒక నిబంధన పెట్టారు. ప్రతి కళాసంస్థా ఏడాదికి ఎంత కరెంటు, ఎంత గ్యాసు, ఎన్ని లారీలు, ఎన్ని విమానాలు వాడిందో రాసి పంపాలి. మా బిల్డింగులో నటులున్నారు, పాటగాళ్ళున్నారు, యూనిట్ అంటే ఏమిటో తెలిసినవాడు ఒక్కడూ లేడు.

ఆ మర్నాడే ఆయన నిచ్చెన వేసుకుని దిగారు. ప్రతి బల్బూ, ప్రతి కెటిలూ, దాని వెనక రాసున్న వాట్లూ ఎక్కించి ఒక జాబితా తయారుచేశారు. గ్రీన్‌రూమ్ బీరువాలో, ఇక్కడివాళ్ళ మాటలో ప్రెస్‌లో, నేను మధ్యాహ్నం తినడానికి దాచుకున్న బుల్లి రైస్ కుక్కర్ కూడా ఆయన కంటపడింది. ‘రైస్ కుక్కర్ ఒకటి, 350 వాట్లు, మధులికది’ అని రాసుకున్నారు. నటులు నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు. మెయిన్ బోర్డులో ఒక చిన్న మీటరు బిగించారు. అది నిమిష నిమిషానికీ ఎంత కరెంటు పోతోందో ఆయన ఫోనుకి పంపేది. ఆ ఫోను చూసినంత సేపు నా మొహం చూసినా బాగుండేదని ఇందుమతి గారు అనేవారు.

ఒక్క దగ్గరే ఆయన ఓడిపోయారు. నాటకాలవాళ్ళకొక ఆచారం ఉంది. హాలు మూసి వెళ్ళేటప్పుడు ఖాళీ స్టేజీ మధ్యలో, ఇనప స్టాండుకి ఒక బల్బు వెలిగించి పోతారు. చీకట్లో ఎవరూ స్టేజీ అంచు మీంచి పడకూడదని కొందరంటారు, దయ్యాలకు తోడని కొందరంటారు. గురుమూర్తి గారు దయ్యాలకు వంద వాట్లెందుకని గొడవపడ్డారు. నొరీన్ మిగతా అన్నిటికీ తలాడించింది కానీ దీనికి మాత్రం ఒప్పుకోలేదు. చివరికి నాలుగు వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టి రాజీపడ్డారు.

ఇక నా సంగతి. నా భర్త వినీత్ రింగాస్కిడీలోనే వేరే ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఎవరికి వీసా కాగితాలు కావాలన్నా, ఎవరింటికి సోఫా మొయ్యాలన్నా ముందుండే మనిషి. నన్ను చొక్కా చెయ్యి కప్పేంత మేరకే కొట్టేవాడు. నాలుగేళ్ళలో రెండుసార్లు మాత్రమే లెక్క తప్పి మొహం మీద తగిలింది. అందులో ఒకటి 2020 ఆగస్టులో. లాక్‌డౌన్ కొంచెం సడలించి, సీటు వదిలి సీటులో జనాన్ని కూర్చోబెట్టిన రోజులు. నా చెంప వాచి ఉంది. గురుమూర్తి గారు గ్రీన్‌రూమ్‌లోకి వచ్చి ఏమైందని అడిగారు. ఈ ప్రెస్ తలుపు తగిలిందన్నాను. ఆ తలుపు నా నడుము ఎత్తులో ఉంది. ఆయన ఒకసారి తలుపును, ఒకసారి నా చెంపను చూసి, ఏమీ అనకుండా మీటరు దగ్గరికి వెళ్ళిపోయారు.

చలికాలంలో మళ్ళీ వచ్చిన లాక్‌డౌన్ వినీత్‌కి బాగా కలిసొచ్చింది. అందరూ ఇంట్లో ఉంటే అతను అత్యవసర ఉద్యోగి అన్న లెటరు జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు. నాకు థియేటర్ లేదు, పలకరించే మనిషి లేదు. కీళ్ళు నొప్పిగా ఉన్నాయని జీపీకి, అంటే మా ఇంటి డాక్టరుకి, ఫోను చేస్తే, ఆవిడ ఇంట్లో మీకు భయమేమీ లేదు కదా అని అడిగింది. ఫోను స్పీకర్లో ఉంది. ఎదురుగా వినీత్ నారింజ పండు ఒలుస్తున్నాడు. నేను గ్రాండ్ అన్నాను. అతను ఒక తొన తీసి నా నోట్లో పెట్టాడు. 

2021 జనవరి 18న ఫోన్లో మా చెల్లెలితో నవ్వుతూ మాట్లాడానని నా ఎడమ అరచేతిని కాలుతున్న స్టవ్వు గాజు మీద పెట్టి నొక్కాడు. ఎంతసేపో నాకు తెలియదు, పదిదాకా లెక్కపెట్టింది అతనే. మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళగానే ఒక సంచీతో నడుచుకుంటూ థియేటర్‌కి వెళ్ళాను. వెనక తలుపు నంబరు నాకు తెలుసు. నొరీన్‌కి ఫోను చేస్తే అరగంటలో వచ్చింది. నా చెయ్యి చూసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా రెండో డ్రెస్సింగ్ రూములో పరుపు వేసింది. ఆడవాళ్ళ ఆశ్రయాలన్నిటికీ ఫోన్లు చేసింది. కోవిడ్ దూరాల వల్ల గదులు తక్కువ, కొన్ని వారాలు ఆగాలన్నారు. గార్డుల దగ్గరికి, అంటే పోలీసుల దగ్గరికి, వెళ్దామంది, నేనే వద్దన్నాను. నా వీసా అతని ఉద్యోగంతో ముడిపడి ఉంది. అంతకంటే నిజమైన కారణం, సిగ్గు. ఎవరికీ చెప్పనని నొరీన్ మాటిచ్చింది. గురుమూర్తి గారికి కూడా చెప్పలేదు. మీటరు ఉందన్న విషయం మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

మూసిన థియేటర్ రోజుకి ఒక్క యూనిట్ తినాలి. ఫైర్ అలారం, దారి చూపే దీపాలు, స్టేజీ మీద ఆ నాలుగు వాట్ల బల్బు. మిగతావన్నీ ఆయనే స్వయంగా ఆపి వెళ్ళారు. జనవరి 19 నుంచి అది రోజుకి నాలుగు యూనిట్లు తినడం మొదలుపెట్టింది. నేను రాత్రుళ్ళు రెండు గంటలు చిన్న హీటరు వేసుకునేదాన్ని, మధ్యాహ్నం అన్నం వండుకునేదాన్ని, రెండుసార్లు టీ. అంతా కలిపి మూడు యూనిట్లు. గురుమూర్తి గారు నొరీన్‌కి ఫోను చేస్తే, గొట్టాలు గడ్డకట్టకుండా ఏదో ఆన్ అవుతుందేమో అంది పాపం. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు. ఆయనకది అందాజు అంకెలా వినబడింది. చక్కెర మిల్లు గుర్తొచ్చి రెండు రాత్రులు నిద్రపోలేదట. వైర్లు ఎక్కడో కాలుతున్నాయని, బిల్డింగు అంటుకుంటుందని భయం. వెళ్ళి చూద్దామంటే లాక్‌డౌన్ రూలు ప్రకారం ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదు, థియేటర్ ఏడు కిలోమీటర్లు.

అప్పుడు ఆయన మనవాళ్ళు మాత్రమే చేయగల ఒక పని చేశారు. ఫిబ్రవరి 13, శనివారం పొద్దున, హార్బర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల తెలుగు ఇంజినీర్ల వాట్సాప్ గ్రూపులో ఆ గ్రాఫు పెట్టారు. ఇది స్లిప్‌వే థియేటర్, తాళం వేసి ఉంది, ఏ యంత్రం ఇలా కరెంటు తాగుతుందో కనిపెట్టండి అని రాశారు. ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న అరవై మంది ఇంజినీర్లకు పండగే పండగ. ఒకరు పంపు అన్నారు, ఒకరు గాలిలో తేమ లాగే యంత్రమన్నారు. లోకేష్ అనే కుర్ర ఇంజినీరు గ్రాఫును పెద్దది చేసి చూశాడు. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి 350 వాట్లు, ఇరవై నిమిషాలు. తర్వాత నలభై వాట్లకి పడిపోయి అక్కడే నిలబడుతోంది. ‘సార్, ఇది రైస్ కుక్కర్. మనోళ్ళెవరో లోపల అన్నం వండుకుంటున్నారు’ అని రాశాడు. గ్రూపంతా పగలబడి నవ్వింది. వినీత్ కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. నేను డబ్లిన్ దగ్గర ఆడమ్స్‌టౌన్‌లో మా చెల్లెలి దగ్గరున్నానని అందరికీ చెప్పుకుని, మూడు వారాలుగా నన్ను వెతుకుతున్న మనిషి.

గురుమూర్తి గారు కూడా ముందు నవ్వారట. తర్వాత తన జాబితా తెరిచారు. 350 వాట్లు, మధులికది. ఆ తర్వాత నడుము ఎత్తు తలుపు, వాచిన చెంప గుర్తొచ్చాయి. తన మెసేజీ ఎవరెవరు చదివారో చూశారు. చదివినవాళ్ళలో వినీత్ పేరుంది, పదకొండు నలభైకి. మెసేజీ తుడిచేసి నాకు ఫోను చేశారు, నా ఫోను ఎప్పుడో ఆపేశాను. నొరీన్‌కి చేశారు, ఆవిడ తియ్యలేదు. కారు తాళాలు తీసుకుని, పీల్చే మందు కూడా మర్చిపోయి బయల్దేరారు.

దారిలో గార్డుల చెక్‌పాయింట్. ఒక గార్డు కిటికీ దగ్గరికొచ్చి, ఎక్కడికి వెళ్తున్నారు, ఎంత దూరమని మర్యాదగానే అడిగాడు. గురుమూర్తి గారు నోరు తెరిచారు. ఇంగ్లీషు రాలేదు. థియేటర్, రైస్, వైఫ్ అన్నారట. వింటే నాకే నవ్వొస్తుంది, ఆ గార్డుకి ఏం అర్థమవుతుంది? అతను ఓపిగ్గా అడ్రసు అడుగుతుండగా ఆయన ఆక్సిలరేటర్ తొక్కారు. ప్లాస్టిక్ కోన్లు రెండు ఎగిరిపడ్డాయి. గార్డుల కారు సైరన్ వేసుకుని వెంటపడింది. అది భయంతో చేసిన పనా, తెలివితో చేసిన పనా అని తర్వాత నేనడిగాను. ‘చెప్తే అర్థం కాలె బిడ్డా. ఉరికితే ఎంటపడ్తరు గద’ అన్నారు.

నేను ఆ టైముకి అన్నం పెట్టుకుని గ్రీన్‌రూమ్‌లో కూర్చున్నాను. వెనక తలుపు మీద ఇనుముతో కొట్టిన చప్పుడు. మూడో దెబ్బకి గడియ ఊడింది. నడవాలో అడుగులు వినబడ్డాయి, పరుగు కాదు, నింపాదిగా.

‘మధూ, అన్నం అయిందా?’ అన్నాడు.

 ఆ ఒక్క మాటతో అతనికి అంతా తెలుసని అర్థమైంది. లేచి స్టేజీ వైపు పరిగెత్తాను. అతను వెనకనుంచి జుట్టు పట్టుకుని లాగాడు. చేతిలో కారు చక్రాలు విప్పే ఇనప కడ్డీ ఉంది. ముందు దాంతో కొట్టలేదు, అది చూపించడానికి తెచ్చుకున్నాడు. నా తలను చెక్క నేలకేసి కొట్టాడు, ఒకసారి, రెండోసారి. నోట్లోకి రక్తం వచ్చింది. మోకాలితో నా వీపు నొక్కి, ఎంతమందిలో నా పరువు తీశావో తెలుసా అని మెల్లగా అడుగుతున్నాడు. ఎప్పుడూ అంతే, గొంతు పెంచడు. చేతులతో మెడ పట్టుకున్నాడు. నా కళ్ళ ముందు ఆ నాలుగు వాట్ల బల్బు ఒకటే కనిపిస్తోంది. అది కూడా మసకబారుతోంది.

హాలు వెనక తలుపు తెరుచుకుంది. గురుమూర్తి గారు సీట్ల మధ్యలోంచి, మాస్కు సగం జారిపోయి, ఈల వేస్తున్నట్టు ఊపిరి తీస్తూ వచ్చారు. వినీత్ నన్ను వదిలి లేచి, చొక్కా సర్దుకున్నాడు.

‘అంకుల్, ఇది మా ఇంటి విషయం. మీరు వెళ్ళండి,’ అన్నాడు.

ఆయన స్టేజీ ఎక్కి నాకూ అతనికీ మధ్య నిలబడ్డారు. వినీత్ రెండోసారి చెప్పలేదు. ఇనప కడ్డీ మొదటి దెబ్బ ఆయన కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఖాళీ హాల్లో చాలా పెద్దగా వినిపించింది. రెండో దెబ్బ మొహం మీద. ఎడమ కంటి చుట్టూ ఎముక లోపలికి పోయిందని డాక్టర్లు తర్వాత చెప్పారు. ఆయన తిరిగి కొట్టలేదు. ఒకప్పుడు పడిపోయిన మనిషిని కూడా వదలకుండా కొట్టిన ఆయన, ఆ రోజు మంచి చేత్తో వినీత్ నడుము చుట్టి పట్టుకుని, మొహం అతని చొక్కాకి ఆనించి, వదల్లేదు. దెబ్బలు వీపు మీద పడుతున్నాయి. ఆ ఇస్త్రీ చొక్కా ఎర్రబడుతోంది.

నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. దయ్యాల దీపం స్టాండుని రెండు చేతులతో ఎత్తాను. కింద ఇనప దిమ్మ, బరువైనది. కాలి మానుతున్న అరచెయ్యి చర్మం మళ్ళీ చిట్లింది. దాన్ని తిప్పి వినీత్ మోకాలి మీద కొట్టాను. బల్బు పగిలి స్టేజీ చీకటైంది. అతను అరిచాడు. నాలుగేళ్ళలో అతను గొంతెత్తి అరవడం నేను వినడం అదే మొదటిసారి. నాకు హాయిగా అనిపించింది. అబద్ధం చెప్పను, చాలా హాయిగా అనిపించింది. కింద పడ్డ అతని తల ఎక్కడుందో హాలు తలుపులోంచి వచ్చే వెలుతుర్లో కనిపిస్తోంది. మళ్ళీ ఎత్తాను.

‘ఒక్కటి చాలు బిడ్డా,’ నేల మీంచి గురుమూర్తి గారన్నారు. ‘రెండోది కొట్టకు. నేను కొట్టిన గద, నాకు ఎరుక.’

స్టాండు దించాను. కోన్లు గుద్దిన ముసలాయన్ని పట్టుకోవడానికి వచ్చిన ఇద్దరు గార్డులు అప్పుడే టార్చిలైట్లతో లోపలికి వచ్చారు. వినీత్ వెంటనే చక్కటి ఇంగ్లీషులో, ఈయన తన మీద దాడి చేశాడని, భార్యకి మతిస్థిమితం లేదని చెప్పడం మొదలుపెట్టాడు. గురుమూర్తి గారికి ఇంగ్లీషు ఇంకా తిరిగి రాలేదు. నా మెడ మీద వేళ్ళ గుర్తుల్ని చూపించి ఊరుకున్నారు. వాళ్ళలో ఆడ గార్డు టార్చి నా మీదికి తిప్పి, ఎవరు కొట్టారని అడిగింది. గ్రాండ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఇతను నా భర్త, ఇతనే కొట్టాడు, నాలుగేళ్ళుగా కొడుతున్నాడు అని చెప్పాను.

కోర్టు అతన్ని నా దరిదాపులకి రాకూడదని ఆదేశించింది, తర్వాత జైలుకీ పంపింది. ఇందుమతి గారు నన్ను తమ ఇంటికి తీసుకెళ్ళారు. గురుమూర్తి గారు పదకొండు రోజుల తర్వాత, చేతికి కట్టుతో, ఒక కన్ను పోగొట్టుకుని ఇంటికొచ్చారు. నా కోసం కన్ను పోగొట్టుకున్న మనిషితో నేను రెండు రోజులు మాట్లాడలేదు. కృతజ్ఞత లేక కాదు, కడుపు మండి. మూడో రోజు చెప్పేశాను. మీ గ్రాఫు వల్లే వాడొచ్చాడు, మీ మీటరు నన్ను పట్టిచ్చింది అన్నాను. ఇందుమతి గారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

‘అవును బిడ్డా,’ అన్నారాయన. ‘అదొక్కటే కాదు. ఆ ఆగస్టుల నీ చెంప చూసిన. ఆ తలుపు చూసిన. చూసి గూడ ఖాళీ పెట్టిన.’

సాకులేవీ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం ఆ రోజుతో పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ ఎప్పుడైనా తిరిగొస్తుంది. వచ్చినప్పుడు ఆయన ముందే చెప్తాను, ఆయన వింటారు.

ఆ ఏడాది కార్బన్ లెక్క మార్చి నెలాఖరుకి పంపాలి. ఆయన కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి టైపు చేసే పని నాది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. ప్రేక్షకుల కార్లు, దాదాపు లేవు. నటుల విమానాలు, సున్నా. గ్యాసు, సున్నా. ఎన్నడూ లేనంత తక్కువ అంకెలు. ఇదంతా మన ఘనత అని రాయొద్దని ఆయన ముందే హెచ్చరించారు, అది రోగం తగ్గించింది, మనం కాదు. తర్వాత జనవరి, ఫిబ్రవరి కరెంటు దగ్గరికొచ్చాం. మూసి ఉన్న కాలంలో 74 యూనిట్లు ఎక్కువ. కార్బన్‌లో ఇరవై రెండు కిలోలు. లండన్ నుంచి ఒక నటుణ్ణి విమానంలో రప్పిస్తే అంతకు ఎన్నో రెట్లవుతుంది. అయినా ఎక్కువ ఎక్కువే. కారణం రాయమని ఒక గడి ఉంది.

 గురుమూర్తి గారు గొంతు తగ్గించి, ‘గీ డెబ్బై నాలుగు తీసేద్దాం. ఫ్రిజ్ ఆన్ల ఉండెనని రాస్త. ఎవ్వడు అడగడు, నీ సంగతి నలుగురు చదువుడెందుకు?’ అన్నారు.

నేను ఆయన వైపు తిరిగి చూశాను. చూడని అంకె రాసినందుకు మనిషి దవడ విరగ్గొట్టిన ఆయన. తన జీవితంలో మొదటి తప్పుడు అంకె నా కోసం రాయడానికి సిద్ధపడ్డారు, మిగిలిన ఒక్క కంటినీ టేబుల్ మీంచి ఎత్తకుండా.

‘వద్దండీ,’ అన్నాను. ‘నాలుగేళ్ళు తప్పుడు లెక్కలు చెప్పింది నేనే. జీపీకి చెప్పాను, నొరీన్‌కి చెప్పాను, మీకూ చెప్పాను. ఇంక నావల్ల కాదు. ఉన్నది రాద్దాం.’

కారణం అన్న గడిలో, ఒక మనిషి ఇక్కడ దాక్కుని ఇరవై ఐదు రోజులు బతికింది అని రాశాను. దాని కిందే ఇంకో గడి వచ్చింది. వచ్చే ఏడాది ఈ వాడకాన్ని ఎలా తగ్గిస్తారు అని. ఖాళీ వదిలేద్దామని నొక్కితే ఫారం ముందుకు కదల్లేదు, ఎర్రగా మెరిసింది. నింపితే తప్ప పోనివ్వదట. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆ మంటలోనే టైపు చేశాను. ‘భర్త కొట్టడం మానేస్తే ఈ వాడకం ఉండదు.’

గురుమూర్తి గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, తల పక్కకి వంచి, ఒంటి కంటితో ఆ వాక్యాన్ని ఒక్కో అక్షరం చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. తర్వాత వేలు పైకి జరిపి అంకె మీద ఆపారు.

‘డెబ్బై నాలుగే గద కొట్టినవ్?’

‘డెబ్బై నాలుగేనండీ.’

‘అయితే పంపు,’ అన్నారు.